గర్భసంచి దగ్గరే ఆగిపోయిన వైద్యం

మన పల్లెల్లో నలభై ఏళ్లు వచ్చిన స్త్రీకి ఆసుపత్రి కొత్త చోటేమీ కాదు. ఇరవై నిండీ నిండకుండానే తొలి కాన్పుకి వెళ్లింది. రెండో కాన్పుతో పాటే పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. చాలామందికి అది పాతికేళ్లు రాకముందే అయిపోతుంది. ఆ రెండు కాన్పుల్లో ఒకటైనా సిజేరియన్ అయి ఉండవచ్చు. ముప్పై దాటాక నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందనో, తెల్లబట్ట ఆగడం లేదనో వెళితే కొందరికి గర్భసంచి తీసేశారు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ కథనే అంకెల్లో చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉంటే, ఆంధ్రలో 8.7, తెలంగాణలో 8.2.

అదే సర్వే ఇదే స్త్రీల గురించి ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24. ఇది పట్నం జబ్బు అనుకుంటాం గానీ, ఆంధ్ర పల్లెల్లోనే మూడోవంతుకు దగ్గరగా స్త్రీలు ఈ లెక్కలోకి వస్తారు. ఇన్నిసార్లు ఆసుపత్రి మెట్లెక్కిన మనిషిని ప్రతిసారీ తూచారు. కడుపుతో ఉన్నప్పుడు నెలనెలా తూచారు. ఆపరేషన్‌కి ముందు మత్తుమందు మోతాదు కోసం తూచారు. ఆమె కోసమే తూచి, ఈ బరువు ఎందుకొచ్చిందమ్మా, దీనికేం చేద్దాం అని కూర్చోబెట్టి మాట్లాడిన రోజు మాత్రం ఆమె జ్ఞాపకాల్లో ఉండదు. ఊబకాయానికి వైద్యం స్త్రీలకు న్యాయంగా అందడం లేదని అన్నప్పుడు నేను ముందుగా చెప్పదలుచుకున్నది ఇదే. మన వైద్యం ఆమె శరీరాన్ని ఎన్నోసార్లు ముట్టుకుంది. ప్రతిసారీ గర్భసంచి దగ్గరే ఆగిపోయింది.

మగవాళ్లకు ఈ సమస్య లేదని కాదు. తెలంగాణలో అధిక బరువున్న పురుషులు 32.3 శాతం, స్త్రీలకంటే కాస్త ఎక్కువే. తేడా పొట్ట దగ్గర తెలుస్తుంది. ఆ సర్వేలో తీసిన నడుము కొలతలను విశ్లేషించి 2023లో లాన్సెట్ ఆగ్నేయాసియా పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పొట్ట చుట్టూ ప్రమాదకరంగా కొవ్వు చేరిన స్త్రీలు దేశంలో 40 శాతం, పురుషులు 12 శాతం. ఆ లెక్కలో స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 94 సెంటీమీటర్లు హద్దు. హద్దులు వేరైనా, ఇంత అంతరం కొట్టిపారేయదగ్గది కాదు.

కొవ్వు కూడా మాట్లాడుతుంది

"నీళ్లు తాగినా ఒళ్లొస్తోందండీ" అని ఆడవాళ్లు అంటే డాక్టర్లు నవ్వేస్తారు. ఆ మాటలో అతిశయోక్తి ఉంది గానీ అబద్ధం లేదు. చాలాకాలం శాస్త్రం కొవ్వును గోదాములో నిల్వ వేసిన సరుకుగానే చూసింది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టాక ఆ అభిప్రాయం మారింది. కొవ్వుకణాలు లెప్టిన్‌ను రక్తంలోకి వదులుతుంటాయి. ఒంట్లో ఎంత నిల్వ ఉందో మెదడు దాన్ని బట్టే తెలుసుకుంటుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు దాన్ని కరువుగా అర్థం చేసుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది.

ఆ కరువు భయం ఎన్నాళ్లుంటుందో మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో చూపించారు. అధిక బరువున్న 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక చూస్తే, ఆకలిని పెంచే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. అంటే కష్టపడి తగ్గిన మనిషి ఏడాది తర్వాత కూడా తగ్గకముందుకంటే ఎక్కువ ఆకలితో బతుకుతోంది. ఆమెతో "నోరు కట్టేసుకో" అనడం వైద్యం కాదు. ఆ సలహా పనిచెయ్యనప్పుడు తప్పు ఆమె మీదకే పోతుంది. అందుకే రెండోసారి ఆమె డాక్టర్ని అడగదు. పేపర్లో ప్రకటన చూసి సన్నబడే పొడి కొనుక్కుంటుంది.

స్త్రీలలో కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది పెద్ద ప్రశ్న. ఈస్ట్రోజెన్ దండిగా ఉన్నంతకాలం అది తుంటికీ తొడలకూ పోతుంది. బిడ్డను మోయడానికీ పాలివ్వడానికీ దాచుకున్న నిల్వ అది. గుండెకు పెద్దగా హాని చెయ్యదు. ముట్లు ఉడిగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గాక కొవ్వు దారి మార్చి పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. షుగర్‌కీ, రక్తపోటుకీ, గుండెజబ్బుకీ దారితీసేది ఈ కొవ్వే. తూకంలో రెండు కిలోలు కూడా తేడా రాకుండానే ఈ మార్పు జరిగిపోవచ్చు. త్రాసుకు తెలియనిది రవికెకు ముందు తెలుస్తుంది.

భారతీయులలో ఈ వ్యవహారం తల్లి కడుపులోనే మొదలవుతుందని పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. 2004లో ఆయన, లండన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ కలిసి లాన్సెట్‌లో తమ ఫొటోనే అచ్చు వేయించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక, అందరూ బీఎంఐ అనేది, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. పుణే దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని కొలిచినా ఇదే కనపడింది: ఇంగ్లండు పిల్లలతో పోలిస్తే బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లికి సరైన తిండి లేకపోతే బిడ్డ కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుంది. ఈ రోజు నలభై ఏళ్ల వయసులో ఒళ్లు చేసిన స్త్రీలలో చాలామంది ఒకప్పుడు రెండున్నర కిలోలకు అటూ ఇటూగా పుట్టిన ఆడపిల్లలే కావచ్చు. ఆమె ఊబకాయంలో ఆమె తల్లి ఆకలికి కూడా వాటా ఉంది.

ఇంకో వైరుధ్యం. ఆంధ్రలో 58.8 శాతం స్త్రీలకు, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత అంటే బక్కపలచని మనిషే గుర్తొస్తుంది. లావుగా ఉన్న మనిషికి "నీకేం తక్కువ, పుష్టిగా ఉన్నావు" అంటారు. అయితే కొవ్వు పెరిగితే ఒంట్లో సన్నని మంట లాంటి స్థితి, వాపు స్థితి, నిత్యం ఉంటుంది. దాంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా చేస్తుంది. హెప్సిడిన్ పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది. తిన్న ఇనుము ఒంటికి పట్టదు, మాత్ర మింగినా అంతంతే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయాసపడే మనిషికి రోజూ గంట నడవమని చెప్పి పంపేస్తాం.

కొలబద్ద ఎవరి ఒంటిది?

బీఎంఐకి మూలమైన సూత్రాన్ని 1830లలో రూపొందించిన అడాల్ఫ్ క్వెటలే బెల్జియం దేశపు గణిత శాస్త్రవేత్త, వైద్యుడు కాదు. దానికి ఇప్పటి పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టాడు. ఆ పేరు పెట్టిన అధ్యయనంలో కొలిచిన ఏడు వేలకు పైగా మనుషులూ పురుషులే. ఆ తర్వాత స్త్రీలమీద కూడా లెక్కలేనన్ని పరిశోధనలు వచ్చిన మాట నిజం. అయినా కొలబద్ద తయారైనప్పుడు కాన్పులూ ముట్లూ ఉన్న శరీరం దాని దృష్టిలో లేదు.

ఆ కొలబద్ద మన వాళ్లకు ఎక్కువ పొడుగు అని తేలింది. భారతీయ నిపుణులు 2009లో ఒక ఒప్పందానికి వచ్చి, 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా చూడాలన్నారు. అయిదడుగుల స్త్రీకి 23 అంటే సుమారు 53 కిలోలు. సర్వేలో చెప్పిన 36 శాతం, 30 శాతం అనేవి 25 నుంచి లెక్కపెట్టినవి. మన హద్దుతో కొలిస్తే ఆ సంఖ్యలు ఇంకా పెరుగుతాయి. నడుము కొలతకైతే స్త్రీలకు 80 సెంటీమీటర్ల హద్దు చాలాకాలంగా ఉంది. ఒక్క టేపుతో అయిపోయే పని. మన ఆసుపత్రుల్లో అది ఎంత అరుదుగా జరుగుతుందో ఆడవాళ్లందరికీ తెలుసు.

కొలత గురించే ఇంకొక్క సంగతి. రక్తపోటు చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే అంకె తప్పు వస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2023లో ప్రచురించిన ప్రయోగంలో, బాగా పెద్ద పట్టీ కావాల్సిన చేతికి మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 19.5 పాయింట్లు ఎక్కువ చూపించింది. చాలాచోట్ల ఉండేది ఒకటే పట్టీ. అది పట్టని చెయ్యికి లేని బీపీ అంటగట్టే ప్రమాదం ఉంది. పెద్ద పట్టీ ఖరీదు ఏపాటి?

రక్తస్రావం వెనక

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన స్త్రీల గర్భసంచికీ బరువుకీ మధ్య ఉన్న సంబంధాన్ని విడదీసి చూడటంవల్ల ఎక్కువ నష్టం జరిగింది.

కొవ్వుకణంలో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఒంట్లో ఉండే పురుష హార్మోన్లను అది ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైతే ఈ అదనపు ఈస్ట్రోజెన్ కూడా ఎక్కువ. మరోపక్క ఇన్సులిన్ సరిగా పనిచెయ్యక, నెలనెలా అండం విడుదల కావడం తప్పుతుంది. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ తయారవుతుంది, అది గర్భసంచి లోపలి పొరను అదుపులో ఉంచుతుంది. అదుపు లేని ఈస్ట్రోజెన్ కింద ఆ పొర మందంగా పెరుగుతూ పోతుంది. నెలలు నెలలు ముట్టు రాదు, వచ్చినప్పుడు ఆగదు. ఎక్కువకాలం అలాగే సాగితే గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కి కూడా దారి తీయవచ్చు. ఊబకాయంతో చాలా గట్టి సంబంధం ఉన్న క్యాన్సర్లలో అది ముందువరసలో ఉంటుంది.

కాలేజీ అమ్మాయిలు "నాకు పీసీఓడీ ఉంది" అని చెప్పుకునే అండాశయాల సమస్య ఈ కథలో తొలి భాగం. ప్రపంచవ్యాప్తంగా పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుందని, వారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దగ్గర దీన్ని పెళ్లికీ పిల్లలకూ సంబంధించిన విషయంగానే చూస్తారు. "పెళ్లయ్యాక సర్దుకుంటుంది" అంటారు. పిల్లలు పుట్టాక ఇక దాని ఊసే ఉండదు. ఇన్సులిన్ గొడవ మాత్రం ఎక్కడికీ పోదు. పదిహేనేళ్లు లోపల పనిచేసి, ముప్పై అయిదో ఏట ఆగని రక్తస్రావంగా బయటపడుతుంది.

అందరి రక్తస్రావానికీ కారణం ఇదే కాదు. గడ్డలున్నవాళ్లున్నారు, థైరాయిడ్ ఉన్నవాళ్లున్నారు. అయితే బరువుతో ముడిపడిన రక్తస్రావంలో గర్భసంచి దోషి కాదు, బాధితురాలు. దానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే, కొన్నేళ్లపాటు హార్మోన్ వదులుతూ లోపలి పొరను పలచగా ఉంచే సాధనం కూడా ఉంది. ఇవన్నీ వివరించడానికి సమయం కావాలి, మళ్లీ మళ్లీ రావాలి. కూలి పోగొట్టుకుని పదిసార్లు తిరగలేని మనిషికి ఒక్కసారే తీసేస్తే పీడ పోతుంది అన్న మాట ఊరటగా వినపడుతుంది. ఆమె ఒప్పుకోవడంలో తప్పు లేదు. ఆమె ముందు రెండో దారి పెట్టకపోవడం తప్పు. అనవసరంగా గర్భసంచి తొలగించడం మీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చెయ్యాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ ఆదేశం అవసరమైందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

తీసేశాక ఏమవుతుంది? అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు, అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీయించుకున్న 2,094 మంది స్త్రీల ఆరోగ్యాన్ని రెండు దశాబ్దాలకు పైగా పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అదే వయసులో ఆపరేషన్ లేనివాళ్లతో పోలిస్తే వీళ్లలో కొలెస్ట్రాల్, రక్తపోటు, ఊబకాయం, గుండె రక్తనాళాల జబ్బు ఎక్కువ. 35 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు రెండున్నర రెట్లు. ఇలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపిస్తుంది గానీ ఆపరేషనే కారణమని రుజువు చెయ్యదు. అయినా ఆంధ్ర, తెలంగాణల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది ఆ వయసు చుట్టుపక్కలే. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో పడిపోతుంది, కొవ్వు పొట్టకు దారి పడుతుంది. కుట్లు విప్పిన రోజే ఆమె ఫైలు మూసేస్తారు. బీపీ, షుగర్, నడుము ఏటేటా చూడాల్సింది సరిగ్గా అప్పటినుంచే.

పిల్లల ఆపరేషన్ సంగతి వేరు. "ఆపరేషన్ అయ్యాక లావయ్యాను" అన్న మాట ప్రతి వీధిలో వినిపిస్తుంది. ఆ ఆపరేషన్‌లో అండాశయాల జోలికి పోరు; నాళాలు కడతారు, అంతే. అది హార్మోన్లను మార్చదు. ఆ స్త్రీ పరిశీలన మాత్రం నిజమే. రెండు కాన్పుల్లో పెరిగిన బరువు దిగకుండానే, పాతికేళ్లకు ఆపరేషన్ అయిపోయింది. ఆమె చూసిన కాలక్రమం సరైనదే, కారణమే వేరు.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ల విషయం ఇంకా స్పష్టం. గర్భిణులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం పరీక్షించాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. చాలాచోట్ల చేస్తున్నారు కూడా. ప్రసవంతో షుగర్ మాయమవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అలాంటి స్త్రీకి తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం, రానివాళ్లకంటే దాదాపు పది రెట్లని 2020లో వెలువడిన పెద్ద విశ్లేషణ లెక్క. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్షించాలి. ఆరో వారంలో ఆమె ఎలాగూ బిడ్డకు టీకా వేయించడానికి వస్తుంది. బిడ్డకు సూది వేస్తారు, కార్డు మీద రాస్తారు. తల్లి వేలికి ఒక్క సూదిపోటు అదే బల్ల దగ్గర ఎందుకు కుదరదు?

బరువుకు ఆడవాళ్లు, గుండెకు మగవాళ్లు

కొత్త ఇంజెక్షన్ల గురించి వినని వాళ్లు ఇప్పుడు లేరు. పేగు నుంచి విడుదలయ్యే జీఎల్‌పీ–1 అనే హార్మోన్‌ను అనుకరించి ఇవి ఆకలిని తగ్గిస్తాయి. ఆ హార్మోన్ చురుకైన రూపమేదో 1980లలో బోస్టన్‌లో గుర్తించినవారిలో స్వెత్లానా మొయిసోవ్ ముఖ్యురాలు. తొలి పేటెంట్లలో ఆమె పేరు లేదు. పోరాడి చేర్పించుకోవాల్సి వచ్చింది. 2024లో ఆమెకు లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఈ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ బరువు తగ్గిస్తుందని రుజువు చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకు తగ్గింది 2.4 శాతం. పాల్గొన్న 1,961 మందిలో నాలుగింట మూడొంతులు స్త్రీలు. అదే మందు గుండెపోట్లను, పక్షవాతాన్ని, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే 20 శాతం తగ్గిస్తుందని రుజువు చేసిన ప్రయోగం 2023లో వచ్చింది. 17,604 మందిలో స్త్రీలు 27.7 శాతమే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధ కలుగుతుంది. బరువు తగ్గాలన్నప్పుడు ఆడవాళ్లు ముందుంటారు. గుండె కాపాడాలన్నప్పుడు కనిపించరు. అప్పటికే గుండెజబ్బు బయటపడ్డవాళ్లనే రెండో ప్రయోగంలోకి తీసుకున్నారు కాబట్టి మగవాళ్లు ఎక్కువయ్యారు అని జవాబు చెప్పవచ్చు. అది సగం జవాబే. స్త్రీలలో గుండెజబ్బు ఆలస్యంగా గుర్తిస్తారని మనకు ముందే తెలుసు. ఛాతీ పట్టేస్తోందంటే గ్యాస్ అంటారు, ఆయాసమంటే ఒళ్లు తగ్గించు అంటారు.

లావుగా ఉన్న శరీరంలో మామూలు మందులు ఎలా పనిచేస్తాయో చూడటంలో కూడా ఇదే నిర్లక్ష్యం. అత్యవసర గర్భనిరోధక మాత్రలో వాడే లెవొనార్‌జెస్ట్రెల్, బరువు ఎక్కువైనకొద్దీ సరిగా పనిచెయ్యకపోవచ్చు. 70 కిలోలు దాటినవాళ్లకు మోతాదు రెట్టింపు చెయ్యడమో, వేరే మందు ఇవ్వడమో చెయ్యాలని బ్రిటన్ నిపుణుల సంఘం 2017లో చెప్పింది. మన మందుల షాపులో ఆ మాత్ర కొనే అమ్మాయికి ఆ మాట చెప్పేవాళ్లెవరు? కొత్త ఇంజెక్షన్లకూ దీనికీ సంబంధం ఉంది. వాటిలో మరొకటైన టిర్జెపటైడ్ వాడేవాళ్లలో నోటితో మింగే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచెయ్యకపోవచ్చు; మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ నాలుగేసి వారాలు నిరోధ్ లాంటి వేరే జాగ్రత్త కావాలి. సెమాగ్లుటైడ్‌ను గర్భం కోరుకునేముందు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పైగా పీసీఓడీ ఉన్న అమ్మాయికి బరువు తగ్గగానే అండం విడుదల మొదలై, అనుకోకుండా గర్భం రావచ్చు. బరువు మందు రాసే డాక్టరు గర్భనిరోధం గురించి అడగకపోతే అది సగం వైద్యం.

ఎవరి చేతికి అందుతుంది?

టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు, వారానికొకటి వేసుకునే చిన్న మోతాదు సీసా ధర ₹3,500. అంటే నెలకు ₹14,000. ఆ ఏడాది ఆంధ్ర, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు ₹307. నూరు రోజుల పని పూర్తిగా దొరికినా వచ్చే డబ్బు రెండు నెలల మందుకే సరిపోయేది. మందు ఆపేస్తే ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొస్తుందని సెమాగ్లుటైడ్ ప్రయోగంలోనే తేలింది. కాబట్టి ఇది ఒక నెల ఖర్చు కాదు.

శస్త్రచికిత్సకు బీమా ఉంది గదా అంటారు. బీమా నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన గుండెజబ్బో, అదుపులేని షుగరో, నిద్రలో ఊపిరాడకపోవడమో ఉండాలి. అయిదడుగుల స్త్రీకి 40 అంటే సుమారు 93 కిలోలు. ఆసియా వాళ్లకు 27.5 నుంచే, అంటే ఆ స్త్రీకే 64 కిలోల దగ్గరే, ఈ చికిత్స ఇవ్వవచ్చని అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు 2022లో చెప్పాయి. వైద్యానికి ఒక కొలబద్ద, డబ్బుకు ఇంకో కొలబద్ద. ఆ నిబంధనలోని జబ్బుల జాబితాలో ఆగని రక్తస్రావం లేదు, పీసీఓడీ లేదు, పిల్లలు పుట్టకపోవడం లేదు. స్త్రీకి ఊబకాయం ముందుగా తెచ్చిపెట్టే బాధలేవీ అందులో కనపడవు.

డబ్బుకంటే ముందు కొరవడేది సమయం. 2024 కాలవినియోగ సర్వేలో, జీతం రాని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. పొద్దున్నే నడకకు వెళ్లమంటే, అప్పుడే పిల్లల క్యారేజీ, పొయ్యి, నీళ్లు. రాత్రి నడవమంటే వీధిదీపం లేదు. తిండి సంగతి చెప్పనక్కర్లేదు. దేశంలో సగటున 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్ అధ్యయనం 2025లో చెప్పింది. మన ఇళ్లలో అది తెల్ల అన్నం. రేషన్‌లో బియ్యం దండిగా వస్తుంది, పప్పు కొనుక్కోవాలి, గుడ్డు ముందు పిల్లలకీ మగవాళ్లకీ పోతుంది. అందరూ తిన్నాక ఆమె కంచంలోకి మిగిలేది అన్నమూ చారూ. ఆ కంచాన్ని మార్చకుండా ఆమె సంకల్పాన్ని పరీక్షించడం అన్యాయం.

సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి దాకానే. ఇలాంటి మందుల్ని చవగ్గా తయారు చెయ్యగల కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ధర తగ్గడం మంచిదే, నేను మనస్ఫూర్తిగా కోరుకునేదే. నా భయం వేరు. కొవ్వుతో పాటు కండ కూడా కరిగించే మందు, కండ మొదటే తక్కువగా ఉన్న శరీరంలోకి, పప్పూ గుడ్డూ లేని కంచం పక్కన, రక్తహీనత చూడకుండా వచ్చి పడుతుంది. ఆకలి తగ్గిన మనిషి ముందుగా మానేసేది తన వాటా కూరే. తొలి ఇంజెక్షన్‌కి ముందు హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, నడుము చూడాలి. ముట్టు ఎలా వస్తోంది, పిల్లలు కావాలా అని అడగాలి. ఏం తింటోందో కనుక్కోవాలి. ఇందులో సూపర్ స్పెషాలిటీ అవసరమైనదేదీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ స్టాఫ్ నర్సూ చేయగలిగినదే.

కొలత దాకా ఇప్పటికే వచ్చాం కూడా. ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే పత్రంలో నడుము చుట్టుకొలత ఉంది. స్త్రీకి 80 లోపైతే సున్నా, 90 దాకా ఒక మార్కు, ఆ పైన రెండు. మొత్తం నాలుగు దాటినవాళ్లను ముందుగా పరీక్షకు పంపుతారు. అక్కడ చూసేది బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు. నడుము 95 ఉండి బీపీ, షుగర్ మామూలుగా ఉంటే ఏమీ లేదని ఇంటికి పంపేస్తారు. ఆ పత్రంలో ఇంకో మూడు గడులు చేరాలి: గర్భసంచి ఆపరేషన్ ఏ వయసులో అయింది, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా, ఈ నడుముకు వైద్యం కోసం ఎవరి దగ్గరకు పంపారు. మూడో గడి నిండాలంటే ఆ వైద్యం చేసే మనిషి ఆ మండలంలో ఉండాలి, వారంలో ఒక రోజైనా, ఆడవాళ్లకు పని తెమిలే మధ్యాహ్నం వేళ.